గడప లేని ఇంట్లో గారెలు

దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మేం అద్దెకి తీసుకున్న ఫ్లాటుకి అన్నీ ఉన్నాయి, గడప తప్ప. తలుపు తీస్తే అటు కారిడార్ టైల్స్, ఇటు మా టైల్స్, మధ్యలో వేలెడు వెడల్పు రాతిపట్టీ. మా ఇల్లు ఎక్కడ మొదలైందో చెప్పడానికి అదొక్కటే ఆనవాలు. నాలుగేళ్ళు కరామాలో ఇంకో కుటుంబంతో కలిసి ఒకే తలుపు వాడుకున్నదాన్ని, నాకంటూ ఒక గుమ్మం దొరికిందని తెగ సంబరపడ్డాను. తీరా చూస్తే నెల తిరక్కుండా ఆ గుమ్మాన్ని మా ఆయన చెప్పులు ఆక్రమించేశాయి.

మనిషికి ఉన్నవి రెండు పాదాలు. ఆయనకి ఎనిమిది జతలు. వాటి పక్కనే పాప తోపుడుబండి, మేకులకి వేలాడే మాస్కులు, శానిటైజర్ సీసా, ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చిన దోసెడు ఇసుక. ఆ జాగాలో నేను చేతులు బారజాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒక శుక్రవారం (అప్పట్లో ఇక్కడ వారం సెలవు శుక్రవారమే) నడుం బిగించాను. చెప్పులకి తలుపులున్న స్టాండు, తాళాలకి కొక్కేలు, గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, ఎదురుగోడకి అద్దం పెట్టాను. వీడియో కాల్‌లో చూసిన అమ్మ, గుమ్మానికెదురుగా అద్దమేమిటి, వచ్చే లక్ష్మి తన మొహం తనే చూసుకుని వెనక్కి పోదూ అంది. అద్దం పక్కగోడకి మారింది. ఆయనకి మూడు జతలు వదిలి మిగతావి మంచం కిందకి తోసేశాను. వారం రోజులు నాతో ముభావంగా ఉన్నారు. నేనేం పట్టించుకోలేదు.

నా అసలు గొడవ చెప్పులు కాదు, గడప. పాపకి పదకొండో నెల. మా వైపు పిల్లలు బోర్లాపడిన రోజున బొబ్బట్లు చేస్తారు, గడప దాటిన రోజున గారెలు వండి నలుగురికీ పంచుతారు. పాప బోర్లాపడిన రోజున ఆయన కోవిడ్‌తో పక్కగదిలో తలుపేసుకుని ఉన్నారు. నేనొక్కదాన్నే చూసి, నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టి, బ్రెడ్డు తిని పడుకున్నాను. అది మనసులో ముల్లులా ఉండిపోయింది. ఈ ఒక్క ముచ్చటైనా సరిగ్గా జరగాలి, నా కళ్ళముందే జరగాలి. పైగా నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. మూడు వారాల్లో, ఆదివారం పొద్దున చేరాలి. ఆ తరవాత పగలంతా పాప, ఇంటి నుంచే పని చేసుకునే ఆయన దగ్గర ఉంటుంది. అప్పుడు దాటిందా, ఆ సాయంత్రం నేనొచ్చాక కబురు వినడమే.

గడపే లేని ఇంట్లో పిల్ల ఏం దాటుతుందని అమ్మనడిగితే, ఆ రాతిపట్టీనే గడపనుకోమంది. నేనొప్పుకోలేదు. అనుకుంటే సరిపోయేదానికి పప్పు నానబోయడం కూడా ఎందుకు, గారెలు తిన్నామనుకుంటే పోలా?

చివరికి ఆయన అల్ వర్సాన్‌లో వాళ్ళ కంపెనీ గోడౌన్ నుంచి ఒక చెక్కపట్టీ కోయించి తెచ్చారు. ఆయనది కరీంనగర్ వైపు. తెచ్చారే గానీ నస ఆపలేదు.

"గీ కట్టెముక్క పెడితె ముందుగాల నేనే తట్టుకొని పడ్త. పండ్లు రాల్తె నవ్వద్దు మల్ల."

పడితే ఆ రోజు కూడా గారెలు చేస్తానన్నాను. చెక్కకి పసుపు రాసి బొట్లు పెట్టాను. ఆయన తలుపు మూసి, లోపలి వైపు తలుపుకి ఆనించి, గట్టి జిగురుతో దాన్ని నేలకి అంటించారు. ఇద్దరం వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాం. గంట తరవాత సరుకులు తెచ్చినతను బెల్లు కొట్టాడు. తలుపు రాలేదు. లోపలికి తెరుచుకునే తలుపుకి లోపలే అడ్డంగా గడప కట్టుకున్న ప్రబుద్ధులం దుబాయ్ మొత్తానికి మేమే అయ్యుంటాం. అవతల నుంచి అతను అంతా బాగానే ఉందా అని హిందీలో కేకేస్తున్నాడు. ఇవతల ఆయన అట్లకాడతో చెక్క పెకలిస్తున్నారు. నేను నవ్వలేక చెప్పుల స్టాండు పక్కన కూలబడ్డాను. చెక్క ఊడింది, అట్లకాడ వంగింది. ఇప్పటికీ దాంతో అట్టు తిరగెయ్యాలంటే నేను కూడా కాస్త వంగాలి.

రెండోసారి బుద్ధిగా తలుపు బయటి వైపు, ద్వారబంధపు రెండు నిలువు చెక్కల మధ్య అంటించాం. ఖలాస్, ఇంక జన్మలో దీన్ని ముట్టుకోనన్నారు.

ఇక పాప వంతు. రోజూ సాయంత్రం తలుపు తీసి, గడపకవతల గిలక్కాయ, ఎర్రబంతి, దానికి ప్రాణమైన స్టీలు గరిటె పెట్టి, నేను పాప వెనకాల కూర్చునేదాన్ని. స్టాండు మీద ఫోను, ఫోనులో అమ్మ నుదురు. ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ ఫోను దించి పట్టుకోదు. ఆ నుదురు అక్కణ్ణించే పాపని బతిమాలేది. ఆయన అరబ్బీవాళ్ళలా యల్లా యల్లా, పదపద అంటూ చప్పట్లు కొట్టేవారు. పాప చకచకా గడపదాకా పాకేది. ఒంగి పసుపు నాకేది. పచ్చటి మూతితో వెనక్కొచ్చి నా ఒళ్ళో ఎక్కేది.

మొదటి రోజు నమ్మకం కొద్దీ ముందే గారెలు వండేశాను. రెండోసారి పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టి, పులిశాక అట్లు పోశాను. మూడోసారి పిండి పులిసేలోపే గారెలు వండక తప్పలేదు. పిల్ల దాటకున్నా మంచిదే, తనకైతే గారెలు అందుతున్నాయన్నారాయన. ఒళ్ళు మండిపోయింది. నా ముచ్చట మీకు వేళాకోళంగా ఉందా అని అరిచాను. అరిచి, ఏడ్చాను కూడా. ఆయన వెళ్ళి బంతిని ఇంకాస్త దగ్గరికి జరిపారు.

శనివారం సాయంత్రానికి కూడా దాటలేదు.

ఆదివారం పొద్దున ఇస్త్రీ బట్టలు కట్టుకుని, బూట్లు వేసుకుని, మాస్కు పెట్టుకున్నాను. మాస్కు మీదుగానే పాపని ముద్దాడి ఆయన చేతికిచ్చి బయటికొచ్చాను. వెనక్కి తిరిగితే వెళ్ళలేనని తెలుసు, అందుకని గబగబా లిఫ్ట్ దగ్గరికి నడిచాను. బటన్ నొక్కాక ఆయన పిలిచారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, గొంతు బాగా తగ్గించి పిలిచారు.

"ఏయ్, గిటు చూడు."

పాప కింద ఉంది. పొట్ట గడపకి ఆనించి, ఒక చెయ్యి బయటపెట్టింది. బంతి లేదు, గరిటె లేదు, చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. ఒక మోకాలు దాటించింది. రెండోది లాక్కుంది. దభీమని కారిడార్‌లో పడి, ఏడవకుండా, తిన్నగా పాక్కుంటూ వచ్చి నా బూటు పట్టుకుంది. మూడు వారాలు అవతల దానికిష్టమైన బొమ్మలన్నీ పెట్టాను. నేను మాత్రం ఇవతలే కూర్చున్నాను. నన్ను వదిలేసి అదెక్కడికి పోతుంది, పిచ్చితల్లి.

ఇస్త్రీ బట్టలతో అక్కడే నేలమీద కూలబడ్డాను. సంతోషం పట్టలేకపోయాను, ఏడుపూ ఆపుకోలేకపోయాను. లిఫ్ట్ వచ్చి, తలుపులు తీసి, ఎవరూ ఎక్కకపోతే వెళ్ళిపోయింది.

"నువ్వే చూసినవ్ గదనే, నువ్వే" అన్నారాయన.

అవును, నేనే చూశాను. తరవాత దాన్ని ఎత్తుకుని గడప లోపలికి తెచ్చి దింపాను. దింపానో లేదో మళ్ళీ నా వెనకే బయల్దేరింది. అది ఇంకోసారి దాటేలోపు తలుపు బయటినుంచి నేనే వేశాను.