అయిదంగుళాలు పొట్టి మోటారు

ఆ రేవులో అందరూ ఆవిణ్ణి పడవక్క అనేవారు. వడ్రంగి కూతురు. పెళ్ళయిన రెండో ఏటి నుంచీ జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటిస్తూనే ఉంది. ఇరవై రెండేళ్ళుగా తెడ్డు వేసీ వేసీ కుడి భుజం గట్టిపడి లావెక్కింది. బట్టలు కుట్టించుకున్న ప్రతిసారీ ఆ చెయ్యి కాస్త వదులు పెట్టమని దర్జీకి గుర్తుచేయాల్సి వచ్చేది.

భర్త మోటారు మేస్త్రీ. నీళ్ళ పంపు మొరాయించినా, పిండిమర ఆగినా ఎవరైనా ఆయన గడప తొక్కాల్సిందే. ఆయన చెయ్యి పడితే చచ్చిన ఇంజనయినా లేచి కూర్చుంటుందని పేరు. ఆ పేరు ఆయన చెవిన కూడా పడింది. చిక్కల్లా అక్కడే వచ్చింది.

ఒక ఉదయం ఆయన గోనెపట్టాలో చుట్టిన పడవ మోటారు ఒకటి మోసుకొచ్చాడు. పాతదే, కానీ దిట్టమైనది.

"నీకోసమే. ఇక తెడ్డు అటక మీద పెట్టు," అన్నాడు.

పడవ వెనక చెక్కకు దాన్ని తగిలించి, మరలు బిగించి తాడు లాగాడు. ఒక్క లాగుకే అందుకుంది. రేవులో ఉన్నవాళ్ళు కూడా మురిసిపోయారు. తీరా హ్యాండిలు తిప్పేసరికి మోటారు కొండంత రాగం తీసింది గానీ పడవ మాత్రం నత్తనడకే నడిచింది. వెనకాల నీళ్ళు మజ్జిగ చిలికినట్టు నురగలు కక్కాయి.

మేస్త్రీ మోటారును ఇంటికి తెచ్చి వంటగది నేల మీద పాత పేపర్లు పరిచి మొత్తం విప్పేశాడు. ప్లగ్గులు మార్చాడు, కార్బురేటరు కడిగాడు. నాలుగు రోజులపాటు పడవక్క మరల మీద కాలు పడకుండా గెంతుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. బిగించి చూస్తే మళ్ళీ అదే రాగం.

అయిదో రోజు పడవలో హైస్కూలు టీచరమ్మ ఎక్కింది. భారీ మనిషి. ఎప్పుడూ మధ్య బల్ల మీద కూర్చునేది, ఆ రోజు అక్కడ ఎవరివో కూరగాయల బుట్టలున్నాయని వచ్చి పడవక్క పక్కనే వెనక కూర్చుంది. పడవ రివ్వున సాగింది.

"మొత్తానికి మీ ఆయన సాధించినట్టున్నాడే," అంది టీచరమ్మ దిగుతూ.

తిరుగు ప్రయాణంలో జనమంతా ముందువైపు కూర్చున్నారు, మోటారు మళ్ళీ గొంతు చించుకుంది. పడవక్క వంగి నీళ్ళలోకి చూసింది. మోటారు అడుగున తిరిగే ఫ్యాను సగం పడవ చెక్క చాటునే ఉంది. నీళ్ళు సరిగా దొరక్క పైనుంచి గాలి పీలుస్తోంది. వెనక బరువు పడితేనే అది నీళ్ళలో మునుగుతోంది.

రేవుకు రాగానే కుట్టుపెట్టెలోంచి టేపు తెచ్చి కొలిచింది. పడవ వెనక చెక్క పైనుంచి అడుగుదాకా ఇరవై అంగుళాలుంది. మోటారును తగిలించే కొక్కెం నుంచి ఫ్యాను పైన ఉండే అడ్డ రేకు దాకా పదిహేనే ఉంది. ఆ రేకు పడవ అడుగుతో సమంగానో, ఒక వేలు కిందికో ఉంటేనే ఫ్యానుకు గాలి కలవని నీళ్ళు దొరుకుతాయి. ఇక్కడ అయిదంగుళాలు పైకే వేలాడుతోంది.

భోజనాల దగ్గర ఆ మాటే చెప్పింది.

"ఇంజన్ల సంగతి నువ్వు నాకు చెప్తావా?" అన్నాడు మేస్త్రీ.

"ఇంజను మీదే. చెక్క సంగతి నాది. మా నాన్న గుమ్మం కొలిచాకే తలుపు చేసేవాడు. మీరు గుమ్మం చూడకుండా తలుపు కొనుక్కొచ్చారు."

ఆయన ముద్ద మింగి చెయ్యి కడుక్కున్నాడు. "సరే, చూపించు," అన్నాడు చివరికి.

ఇద్దరూ ఏటి మధ్యకు వెళ్ళారు. ఇద్దరూ వెనక కూర్చుంటే పడవ పరుగెత్తింది. ఆయన్ని ముందుకు వెళ్ళి కూర్చోమంది. మోటారు ఊళ పెట్టింది. మళ్ళీ వెనక్కి రమ్మంది, పడవ పరుగెత్తింది. మేస్త్రీ చెవి వెనక గోక్కున్నాడు.

"అయితే నాలుగు రోజులు ఊరికే విప్పానా?"

"ఊరికే ఎందుకండీ? శుభ్రమయిందిగా."

ఆయనకు నవ్వొచ్చేసింది.

చెక్కను అడ్డంగా అయిదంగుళాలు కోసేద్దామన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. అంత మేరా తగ్గిస్తే వెనక నుంచి వచ్చే అల నేరుగా జనం ఒళ్ళోకే వస్తుందంది. మోటారు పట్టేంత, అది అటూ ఇటూ తిరిగేంత మేరే మధ్యలో కోసింది. లోపలివైపు పలకలతో తొట్టిలా కట్టి, అందులో పడిన నీళ్ళు మళ్ళీ బయటికే పోయేలా రంధ్రం పెట్టింది. ఆయన పలక పట్టుకుంటే ఆవిడ రంపం పట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో ఇద్దరూ కలిసి ఒకే పని చేయడం అదే మొదటిసారి.

రెండో రోజు సాయంత్రం తగిలించి చూశారు. రాగం పోయింది గానీ చిలుకుడు వచ్చింది. కోత కాస్త ఎక్కువై రేకు రెండు వేళ్ళు కిందికి దిగినందుకు నీళ్ళు ఎగిరి వీపుల మీద పడ్డాయి. పడవక్క కొక్కెం కింద వేలెడు మందం చెక్క పెట్టి ఎత్తింది. ఈసారి పడవ గీత గీసినట్టు సాగింది. మలుపులో కూడా మోటారు గొంతు మారలేదు.

నలభై నిమిషాల దాటింపు పన్నెండు నిమిషాలకొచ్చింది. మిగిలిన సమయంలో పడవక్క రేవు గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చోవడం నేర్చుకుంది. ఆ సుఖం అలవాటవడానికి వారం పట్టింది.

మేస్త్రీ దగ్గరికి ఎవరైనా పడవ మోటారు తెస్తే, ముందు వాళ్ళ పడవ చెక్క ఎత్తెంతో అడగడం మొదలుపెట్టాడు, పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టే. పడవక్క విని తనలో తాను నవ్వుకునేది. ఆ మధ్య వచ్చిన ఇసుక పడవాయనది తిరగబడిన కథ. చెక్క పొట్టి, మోటారు పొడుగు, లోతు లేనిచోట అడుగు గీరుకుంటోంది. దాని కొక్కెం కింద దుంగముక్క వేసి ఎత్తుతూ మొగుడూ పెళ్ళాం మధ్యాహ్నమంతా వాదించుకున్నారు.

"చాలు," అన్నాడు ఆయన.

"ఇంకో గోరంత," అంది ఆవిడ.

ఇసుక పడవాయన ఒడ్డున కూర్చుని, వాళ్ళ వాదన తేలేదాకా ఓ కునుకు తీశాడు.