మా నాయనమ్మ తాకకుండా అడిగిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున లేస్తూనే వినిపించే మాట ఒకటే: "తెలుస్తుందా?" మంచంలో ఉన్న మా నాన్న పాదాన్ని తాకి మా నాయనమ్మ అడిగేది.

మాది రాజోలి దగ్గర పల్లె. వరిగడ్డి బండి మీద నిలబడి మోకు బిగిస్తుంటే అది తెగి, నాన్న వెల్లకిలా కింద పడ్డాడు. నడుము కింద ఏమీ తెలియకుండా పోయింది. కర్నూలు దవాఖానలో డాక్టరు, వెన్నుపాము తెగలేదు, నలిగింది అన్నాడు. స్పర్శ రావచ్చు, రాకనూ పోవచ్చు. రోజూ తాకి చూడండి, వస్తే వెంటనే తీసుకురండి, కాళ్లకు కసరత్తు నేర్పిస్తాం అని పంపించాడు.

ఇక చూడవచ్చిన ప్రతివాళ్లూ నాన్న కాళ్లు గిల్లి చూసేవాళ్లు, సంతలో వంకాయలు నొక్కి చూసినట్టు. తెల్వదని నాన్న అంటే వాళ్ల ముఖాలు చిన్నబోయేవి. అమ్మ కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయేది. అదంతా నాన్న చూస్తూనే ఉండేవాడు.

ఒకరోజు నాన్న "కొంచెం తెలుస్తుందమ్మా" అన్నాడు. అమ్మ సంతోషం పట్టలేక అప్పుడే ప్రయాణానికి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. నాయనమ్మ మాత్రం కదల్లేదు. నాన్నను కళ్లు మూసుకోమంది. నేను మంచం పక్కనే ఉన్నాను. ఆమె చెయ్యి పాదానికి జానెడు దూరంలో గాలిలోనే ఆగింది.

"ఇప్పుడు?"

"తెలుస్తుంది."

నాయనమ్మ ఆ చేతిని తీసుకెళ్లి నాన్న తల మీద పెట్టింది. "నేను ముట్టనే లేదు కొడుకా. మా కోసం అబద్ధమాడకు. తెల్వకుంటే తెల్వదను. తెల్వదన్నా నేను ఈడ్నే ఉంట."

నాన్న తువ్వాలు ముఖం మీదికి లాక్కొని ఏడ్చాడు. నాన్న ఏడవడం నేను చూడ్డం అదే మొదలు. నాయనమ్మ మీద నాకు చాలా కోపం వచ్చింది. ఆమె ఎంత పెద్ద పని చేసిందో ఆ వయసులో నాకేం తెలుసు!

ఆ తర్వాత నాన్న రోజూ తెల్వదనే చెప్పేవాడు. మెల్లగా మేమూ ఆ మాటకు అలవాటుపడ్డాం. అమ్మ కూడా లేచి వెళ్లిపోకుండా, పక్కన కూర్చొని పల్లికాయలు వొలుచుకునేది.

వేరుశనగ కోతలు అయిపోయే రోజుల్లో ఒక మధ్యాహ్నం, అమ్మ తడిబట్టతో ఆయన కాళ్లు తుడుస్తోంది. ఎవరూ ఏమీ అడగలేదు. "ఎడమకాలు బొటనేలికి చల్లగ తగిలింది" అన్నాడు నాన్న, తనలో తాను అనుకున్నట్టు.

అమ్మ నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ కళ్లు మూసుకోమనలేదు, మళ్లీ తాకి చూడలేదు. లేచి వాకిట్లోకి పోయి, "బండి కట్టుర్రి!" అని వాడంతా వినబడేలా కేక వేసింది.

ఆ వేలు కదలడానికి ఇంకా చాలాకాలం పట్టింది. చివరికి నాన్న కర్ర పట్టుకొని చేను దాకా నడిచాడు. కుడి అరికాలికి మాత్రం స్పర్శ రానే లేదు. చెప్పు జారిపోయినా ఆయనకు తెలిసేది కాదు. ఎవరైనా అడిగితే, తెల్వదని మామూలుగా చెప్పేవాడు.

ఇప్పుడు నేనూ నాయనమ్మనయ్యాను. జబ్బుపడినవాళ్లను చూడ్డానికి వెళ్తే, ముందు కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చుంటాను. నయంగా ఉందా అని ఆ తర్వాతే అడుగుతాను. లేదని చెప్పినా లేచి వెళ్లిపోయే మనిషిని కానని వాళ్లకు ముందే తెలియాలి కదా.