అక్క చూడని సినిమా

కంటి ఆపరేషన్ తర్వాత ఈ వయసులో మళ్ళీ తన వాక్యం చదువుకునే వెలుగునిచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ధైర్యమూ లేదు, చూపూ లేదు.

నా చిన్నప్పుడు మేము భిలాయిలో ఉక్కు ప్లాంటు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా నాన్న, పక్కింటి అక్క వాళ్ళ నాన్న ఒకే షిఫ్టుకు సైకిళ్ళ మీద వెళ్ళేవారు. రెండు కుటుంబాలూ ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చినవే. ఆదివారం రెండూ ఒకే తెలుగు క్రైస్తవ సంఘంలో కూర్చునేవి. అక్కకు అప్పటికి ఇరవై దాటి ఉంటాయేమో. బోర్డు పరీక్ష తప్పి ఇంట్లోనే ఉండిపోయింది. ఇంట్లో ఆమె మాటకు విలువ లేదు. సంఘంలో ఆదివారం బడి మాత్రం ఆమెది. ఆరాధనకు ముందు పిల్లలందరినీ వరండాలో చాప మీద కూర్చోబెట్టుకుని వాక్యం చెప్పేది. వారమంతా ఆ ఒక్క గంట కోసమే బతికేదని ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

మాకు తెలుగు ఇంటి గుమ్మం వరకే. చదువూ ఆటా తగవూ అన్నీ హిందీలోనే. అందుకని అక్క బైబిలు గ్రంథంలోని కథలను మా ఊరికి తెచ్చి చెప్పేది. మేము ఎడారి చూసినవాళ్ళం కాదు కాబట్టి, ఎడారి వచ్చినప్పుడల్లా ప్లాంటు వెనక స్లాగు, ఆ కొలిమి మడ్డి, పోసిన బోడి గుట్టలను తలచుకోమనేది.

ఆ ఏడు మేము స్కూలుకు వెళ్ళే దారిలో ఒక సినిమా పోస్టరు వెలిసింది. మూల గుండ్రటి గీతలో ‘ఎ’ అక్షరం, పక్కన పెద్దలకు మాత్రమే అని హిందీలో. తెల్లారేసరికి ఎవరో వచ్చి బొమ్మలో సగానికి తారు పూసి పోయారు. తారు పూయక ముందు ఆ బొమ్మను మేము సరిగా చూడను కూడా లేదు. పూశాక మాకు అదే లోకమైంది. పుల్లలతో గీకి చూసినవాళ్ళున్నారు. గేటు దగ్గర మనిషిని మంచి చేసుకుంటే మ్యాట్నీకి లోపలికి పోవచ్చని పెద్ద కుర్రాళ్ళు ఆశ పెట్టారు. శనివారం వెళ్దామని మాలో కొందరు అనుకున్నారు కూడా.

అది అక్క చెవిన పడింది. ఆమె తిట్టలేదు, ఇళ్ళలో చెప్పలేదు. మమ్మల్ని తన ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టుకుంది.

“ఆ పిక్చర్ కత నాను సెప్తాను. ఇన్నాక మరి ఆ హాలు వేపు ఎల్లకూడదు. సరేనా?” అంది.

సినిమాకే వెళ్ళని మనిషికి ఆ కథ ఎలా తెలుసన్న అనుమానం మాకు తట్టలేదు.

పోలీసులు తరుముతుంటే ఒక బందిపోటు మా ఊరి పక్కనున్న హథ్‌ఖోజ్ వైపు పారిపోతాడు. వాడి మనుషులంతా చచ్చిపోయారు. ఫ్యాక్టరీ షెడ్ల మధ్య ఒంటరిగా ఒక ఇల్లుంది. గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి, లోపలికి రా, భయపడకు అంటుంది. దాహమని నీళ్ళడిగితే పాలు ఇస్తుంది. పడుకోబెట్టి దుప్పటి కప్పుతుంది. వాడు నమ్మి నిద్రపోతాడు. అప్పుడామె ఒక చేత్తో సుత్తి, ఒక చేత్తో పొడుగాటి మేకు పట్టుకుని అడుగు చప్పుడు కాకుండా వస్తుంది. మేకు కణతలోంచి దిగి నేలలో నాటుకుందని చెప్పేటప్పుడు అక్క గొంతు పెంచలేదు.

“దీదీ, మర్ గయా క్యా?” అని ఒక పిల్లాడు మెల్లగా అడిగాడు.

“సచ్చేడు,” అంది అక్క.

శనివారం ఎవరూ హాలుకు పోలేదు. తారు కింద ఏముందో అందరికీ తెలిసిపోయింది కదా.

కానీ పిల్లలు విన్నదాన్ని ఆడకుండా ఉండరు. సంఘ పెద్ద గారి చిన్న కొడుకు బందిపోటయ్యాడు. పాలు తాగినట్టు తాగి కళ్ళు మూసుకున్నాడు. ఆడమనిషి వేషం వేసిన పిల్ల ఎక్కడినుంచో నిజం మేకే తెచ్చి రాయితో తట్టింది. మెల్లగానే తట్టింది గాని, కణత దగ్గర చర్మం చిట్లి నెత్తురు చెంప మీదికి కారింది. వాడి కన్ను పోయి ఉంటే నేను ఈ జ్ఞాపకాన్ని ఇలా రాయగలిగేదాన్ని కాదు. ఏ కథకైనా వినే వయసు ఒకటుంటుందని నేను నమ్మేది ఆ నెత్తురు కళ్ళారా చూసినందువల్లే.

ఇంటికి పోయి వాడు చెప్పింది ఒక్కటే. అది పెద్దవాళ్ళ పిక్చర్‌లోది, దీదీ చెప్పింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరినీ లేవనివ్వలేదు. సంఘ పెద్ద గారు ప్లాంటులో ఫోర్‌మన్. అక్కడి గొంతునే సంఘానికీ తెచ్చేవారు. కొడుకును ముందుకు తీసుకొచ్చి, కణత మీది పట్టీ అందరికీ కనబడేలా నిలబెట్టారు. తర్వాత అక్కను పిలిచి, పిల్లలకు ఏం చెప్పిందో అదే మాటల్లో చెప్పమన్నారు. అక్క అంతా చెప్పింది. పాలూ దుప్పటీ మేకూ ఏదీ వదల్లేదు. ఆడవాళ్ళు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. “పుస్తకాలు సదవనేదు గానీ పిక్చర్లు మా బాగా సదివింది,” అని వెనకనుంచి ఒకావిడ అంటే నవ్వులు వినబడ్డాయి.

“ఇలాటి కత పుట్టించినోడి నోరు పడిపోవాల,” అన్నారు పెద్ద గారు. చాలామంది ఆమేన్ అన్నారు. పాస్టరు గారు అనలేదు. ఆయన తల దించుకుని చేతిరుమాలు మడతపెట్టుకుంటూ కూర్చున్నారు. ఆ కథ ఎక్కడిదో ఆ గదిలో ఆయనకు అప్పటికే తెలుసని ఇప్పుడు నా నమ్మకం.

తర్వాత పెద్ద గారు అక్కకు ఒక దారి చూపించారు. పిల్లల వైపు తిరిగి, ‘నేను చెప్పింది పచ్చి అబద్ధం, సాతాను కథ’ అని ఆమె ఒక్క మాట అంటే చాలు, ఆదివారం బడి ఆమె దగ్గరే ఉంటుంది. అందరూ అది దయ అనే అనుకున్నారు. అక్క మా వైపు తిరిగింది కూడా. ఆ మాట అనేయాలని, అనేసి మా చాప మీదికి తిరిగి రావాలని నేను లోపల ఎంతగా మొక్కుకున్నానో.

“అబద్దమని అననేనండి,” అంది అక్క. “అది పిక్చర్లోది కాదు. ఆ పిక్చర్ నాను సూడనేదు. మీ అందరి ఒళ్ళో ఉన్న గ్రంతంలోదే. ఊరు మార్సేను, మనుసుల్ని మార్సేను, అంతే. తీసి సూడండి.”

రాజులు రాకముందు కాలానిదని, ఫలానా అధ్యాయమని కూడా చెప్పింది.

ఆ వేళ అందరి ఒళ్ళోనూ గ్రంథం ఉంది. ఒక్కరూ తెరవలేదు. నేను నాది తెరవబోతే మా అమ్మ అరచెయ్యి అట్ట మీద పడింది. తెరిస్తే పెద్ద గారు ఎవరి నోటిని శపించారో బయటపడుతుంది, తామంతా దేనికి ఆమేన్ అన్నారో బయటపడుతుంది. తెరవకపోతే నష్టం ఒక్క అక్కకే. పెద్దవాళ్ళు ఆ లెక్క ఎంత త్వరగా చూసుకున్నారో!

పెద్ద గారు కూడా త్వరగానే తేరుకున్నారు. “పరిసుద్ద వాక్యాన్ని పట్టుకెల్లి పిక్చర్ సేసినావా? ఇది దానికన్నా పాపం,” అన్నారు. పాస్టరు గారు లేచి, కళ్ళు మూసుకుని ప్రార్థిద్దాం అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

ఆదివారం బడిని పెద్ద గారి భార్యకు ఇచ్చారు. అంతటితో ఆగి ఉంటే కొన్నాళ్ళకు మరిచిపోయేవాళ్ళమేమో. ఆగలేదు. ప్రతి ఆదివారం బడి చివర, తప్పిపోయిన సహోదరి కోసమని, అక్క పేరు పెట్టి, గట్టిగా, మా చేత ప్రార్థన చేయించేవారు. ఆమె అప్పటికే వచ్చి హాల్లో చెప్పులు విడిచే చోట కూర్చుని ఉండేది. వరండాకూ హాలుకూ మధ్య తలుపు తీసే ఉంచేవారు. ప్రార్థించడం మాకు నేర్పింది ఆమే. చేతులు ఎలా జోడించాలో, దేవుణ్ణి ఏ మాటతో పిలవాలో అన్నీ ఆమె చెప్పినవే. ఆ మాటలతోనే ఆమె మనసు మార్చమని, ఆమె వింటుండగా, మేము దేవుణ్ణి అడిగేవాళ్ళం. పెద్ద గారి కొడుకు గొంతు అందరికన్నా పైకి వినబడేది. వాడి కణత మీది గాయం మానిపోయి అప్పటికే చాలా కాలమైంది.

ఎండలు ముదిరేసరికి అక్క రావడం మానేసింది. వాళ్ళ నాన్న రిటైరై కోహ్కాలో ఇల్లు చూసుకున్నారు. ఆ తర్వాత ఆమె ఏ సంఘం మెట్లూ ఎక్కలేదని విన్నాను. నేను మాత్రం ప్రభువును వదలలేదు. నాకు ఆయనను చూపించింది ఆ చాప మీద అక్కే, ఎలా వదులుతాను?

ఇప్పుడు నేను స్మృతి నగర్‌లో ఉంటున్నాను. మా సంఘంలో ఆదివారం బడి చూసేది నేనే. అమ్మానాన్నలు ఫోన్లు పట్టుకుని వస్తారు. ఏదో సిరీస్, మూల పద్దెనిమిది ప్లస్ అని ఉంటుంది, పిల్లలు చాటుగా చూస్తున్నారు, దాని మీద గట్టిగా మాట్లాడండి ఆంటీ అంటారు. ఆ వయసు గీత ఉండాల్సిందే అంటాను. కానీ దేన్నయినా ఖండించే ముందు ఒకటి అడుగుతాను: “నువ్వు సూసేవా?” చాలామంది చూసి ఉండరు. ముందు చూడమంటాను, తర్వాత వద్దనమంటాను. పిల్ల చూసిందేమిటో పిల్లనే అడగమంటాను, పదిమందిలో నిలబెట్టకుండా. మేకు కథ వచ్చే అధ్యాయాన్ని నేను దాటెయ్యను. చిన్నవాళ్ళను ఇంటికి పంపేశాక, పెద్ద పిల్లల చేత వేలు పెట్టించి చదివిస్తాను. ఏ పిల్లా అది ఇంకెక్కడిదో అనుకోకూడదు. ఆ ఆదివారం నుంచి నేను మోస్తున్నది ఇదే.

ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. అక్క కోసం కాదు. ఆమె కోసం అప్పట్లో మా చేత చాలానే చేయించారు. ఈసారి మన కోసం. తండ్రీ, చూడకుండా తీర్పు చెప్పే తొందరను మాలోంచి తీసెయ్యి. నీ పేరు చెప్పి మేము నీ ఇంట్లోంచి వెళ్ళగొట్టిన వాళ్ళు నీ దగ్గరే ఉన్నారని మాకు చూపించు, మమ్మల్ని సిగ్గుపడనియ్యి. ఆమేన్.