లెక్సస్‌కు పేదింటి చుట్టం

మాది కాకినాడ. స్నేహితురాలి పెళ్లికని కోరుట్ల వెళ్లి, మా ఆయన ఉద్యోగం చేసే సిరిసిల్లకు టాక్సీలో తిరిగి వస్తున్నాను. నాకు ఏడో నెల. అంతకుముందు ఒకసారి గర్భం నిలవలేదు. వానలకు రోడ్డు పాడైంది. గుంత కనిపిస్తే చాలు, రెండు చేతులతో పొట్ట పట్టుకునేదాన్ని.

డ్రైవర్‌ది మా నాన్న వయసు. అద్దంలో చూశాడేమో, బండి నెమ్మదించింది. ఆ తర్వాత గుంతలు దాటుతున్నట్టే తెలియలేదు. ఇంత మెత్తగా నడపడం ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను.

“దుబాయ్‌ల, అమ్మా. ఒక అరబ్బోళ్ల ఇంట్ల డ్రైవర్‌గ చేసిన. ఇంటామె కడుపుతోని ఉంటే దవాఖానకు తీస్కపోయేటోణ్ణి. రెండు కార్లుండె. ఒకటి ఇన్ఫినిటీ, నిస్సానోళ్లది. జర కాలు ఆనిస్తే ఉరుకుతది. ఆమెకు భయం. లెక్సస్ తియ్యుమనేది. గది టయోటా వాళ్లది, నీళ్ల మీద పోయినట్టు పోతది.”

“మరి ఇది?”

“గిది సుత టయోటానే. లెక్సస్‌కు పేదింటి చుట్టం,” అని నవ్వాడు.

వేములవాడ దగ్గరపడుతుండగా మళ్లీ అద్దంలోకి చూశాడు. “మంచిగున్నదా, బిడ్డా?”

“బాగానే కదులుతోందండీ,” అన్నాను.

“కడుపుల ఉన్నదాన్ని కాదమ్మా, నిన్నే అడిగిన. మా దిక్కు కూతురును బిడ్డనే అంటం.”

ఆ నెలల్లో అందరూ నా కడుపులోని బిడ్డ ఎలా ఉందనే అడిగారు. నేనెలా ఉన్నానని అడిగింది ఆయనొక్కడే. కళ్లు తుడుచుకుని, సీటుకు వాలి, సిరిసిల్ల దాకా హాయిగా నిద్రపోయాను.