అమీనా బయ్యప్ప ఇచ్చిన తాంబూలం

చింతామణి చుట్టుపక్కల బయ్యప్ప పేరు తెలియనివాళ్లు ఉండవచ్చు గానీ ఆయన నడక తెలియనివాళ్లు లేరు. చంకలో సమన్ల సంచితో కోర్టు అమీనాగా ఆయన తొక్కని ఊరు లేదు. పొలిమేరలో ఆయన పాగా కనబడగానే మగవాళ్లు చెరుకు తోటల్లో దూరేవారు. ఆడవాళ్లు తలుపులు మూసుకునేవారు. కోళ్లు మాత్రమే నిబ్బరంగా తిరిగేవి. కాగితం ఒకసారి చేతితో అందుకున్నాక కోర్టు మెట్లు ఎక్కక తప్పదు కాబట్టి, బయ్యప్ప చేతి నుంచి ఏదీ పుచ్చుకోకూడదని పల్లెల్లో పిల్లలకు మాటలు వచ్చీరాకముందే నేర్పేవారు.

అలాంటి మనిషికి వయసు మీరి ఉద్యోగం నుంచి నివృత్తి అయింది. పింఛను వచ్చింది, సంచి పోయింది. జనం మాత్రం నమ్మలేదు. అమీనాకు నివృత్తి ఏమిటి, ఇదేదో సర్కారు పన్నిన కొత్త ఎత్తు అనుకున్నారు.

బయ్యప్పకు ఊరికే కూర్చుంటే ఒళ్లు నొప్పులు. పెరట్లో వంగతోట వేశాడు. అది విరగకాసింది. బుట్ట నిండా కోసుకుని వీధిలో పంచిపెట్టడానికి బయలుదేరితే, ప్రతి గడపలోనూ ఒకే మాట: "ఆ గోడ మింద పెట్టేసి పో అప్పా, ఆనక తీసుకుంటాం." ఆయన చెయ్యి తగిలిన వంకాయలను ఆనక కూడా ఎవరూ ముట్టలేదు. వీధి పొడుగునా గోడల మీద అవి ఎండి ఒరుగులయ్యాయి. సరే, మండికల్‌లో ఉన్న చెల్లెలిని చూసొద్దామని బస్సు ఎక్కితే, కండక్టరు ఆయన చాచిన చిల్లరను చూసి రెండు చేతులూ జేబుల్లోకి దోపుకున్నాడు. "కూసో అప్పా, నీకు టికెట్టు యాల?" అన్నాడు. ఇంతకాలం చేసిన సేవకు లోకం చూపుతున్న మర్యాద ఇది అని బయ్యప్ప మురిసిపోయి, ఇంటికొచ్చి భార్య చౌడమ్మకు చెప్పాడు. పెళ్లయిన నాటి నుంచీ మొగుడి జీతం ఆమె కూడా గూట్లో పెట్టించుకునే తీసుకునేది.

ఆ ఏడు మనవడి పుట్టువెంట్రుకల సంగతి వచ్చింది. పిల్లవాడికి మూడో ఏడు నడుస్తోంది. ఈ ఏడు తప్పితే మళ్లీ అయిదో ఏడే. జుట్టు పెరిగి కళ్ల మీద పడి వాడు గోడలకు గుద్దుకుంటున్నాడు. కైవారలో తీయిస్తామని మొక్కు కూడా ఉంది. అయితే మేనమామ ఒడిలో కూర్చోబెట్టనిదే మంగలి కత్తి పెట్టడు. ఆ మేనమామ బాగేపల్లి పక్క పల్లెలో ఉండే మునినారాయణ, కోడలు పుట్టమ్మకు అన్న. తల్లీతండ్రీ పోయాక ఆమెకు పుట్టింటివైపు మిగిలింది అతనొక్కడే. ఆ ఒక్కడూ చెల్లెలి గడప తొక్కి ఏళ్లయింది.

కారణం అందరికీ తెలిసిందే. మునినారాయణ ఒకప్పుడు పొరుగువాడు చీకట్లో గట్టు రాయి జరుపుతుండగా చూశాడు. నోరు విప్పితే పొరుగువాడు బతకనివ్వడు, విప్పకపోతే కోర్టు వదలదు. ఆనాటి నుంచి తనను సాక్ష్యానికి పిలుస్తారేమోనని వణికిపోతున్నాడు. అసలు ఆ తగాదా కోర్టుకు వెళ్లనేలేదు. అయినా చెల్లెలి మామగారే అమీనా అయితే ఆ ఇంటి వైపు ఎలా వస్తాడు? పెళ్లిలో కూడా పందిరి గుంజ చాటునే నిలబడి అక్షతలు వేశాడు.

"మన పెద్దకొడుకుని పంపిస్తాం లేయ్యా," అంది చౌడమ్మ. "నువ్వు పోతే ఆయన అడవులు పట్టుకొని పోతాడు."

"ఇంటి పెద్ద పోయి తాంబూలమిచ్చి పిలిస్తేనే మర్యాద. నా చేత తప్పించుకున్నోడు ఈ సీమలో ఎవుడుండాడు?" అన్నాడు బయ్యప్ప.

ఆ రెండో మాటే కొంప ముంచేలా ఉంది. పుట్టమ్మ గుమ్మం పక్కన నిలబడి చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "మా అన్న రాకుంటే నాకు పుట్టిల్లు లేనట్ల మామా. నిదానంగా పిలువు."

నిదానంగానే పిలవాలని బయ్యప్ప గట్టిగా అనుకున్నాడు. తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ము కొత్త గుడ్డలో కట్టుకుని బాగేపల్లి బస్సెక్కాడు. అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరకక బస్సులు బొగ్గుతో నడిచేవి. ఎత్తు వచ్చినప్పుడల్లా అందరూ దిగి తొయ్యాలి. దిగి తోసినవాళ్లంతా ఆయనకు ఆ చివర నిలబడ్డారు. ఈ చివర బయ్యప్ప ఒక్కడే తోశాడు. మసి పూసుకున్న మొహంతో ఆయన పల్లె పొలిమేర చేరేసరికి ఊరు ఖాళీ అయిపోయింది.

మునినారాయణ ఇంటి ముందు మాత్రం ఏడుపులు. అరుగు మీద మునినారాయణను పడుకోబెట్టి మెడ దాకా తెల్లగుడ్డ కప్పారు. భార్య తలబాదుకుంటోంది. "ఇప్పుడే పోయినాడప్పా! నువ్వు ఊర్లోకి వస్తాండావని తెలిసినాకనే పోయినాడు!"

ఇలాంటి చావులు బయ్యప్ప సర్వీసులో బోలెడు చూశాడు. నెమ్మదిగా పక్కన కూర్చున్నాడు. శవం చెమటలు కక్కుతోంది. ఆయన తాంబూలం తీసి, గుడ్డ బయటికి కనబడుతున్న చేతి దగ్గర పెట్టాడు. శవం చెయ్యి లోపలికి లాక్కుంది. రెండో వైపు పెట్టాడు. రెండో చెయ్యి కూడా లోపలికి పోయింది. భార్య ఏడుపు ఆపి, చూసి, ఇంకా గట్టిగా ఏడవసాగింది.

"మునినారాయణా, సమన్లు కాదప్పా," అన్నాడు బయ్యప్ప. "నీ మేనల్లుడికి పుట్టెంటికలు. వచ్చే సోమవారం, కైవారలో. నీ ఒడి కావాల." శవం పెదవులు బిగించుకుంది. మూసిన రెప్పల కింద కనుగుడ్లు గిరగిరా తిరుగుతున్నాయి. బయ్యప్ప అంత దగ్గర నుంచి ఏనాడూ ఒక భయాన్ని చూడలేదు. ఎప్పుడూ వీపులే చూశాడు. తనను చూసి పరిగెత్తడం తన హోదాకు గుర్తనుకున్నాడు. ఇప్పుడు ఈ మనిషి బతికుండీ చచ్చినట్టు పడుకోవడానికైనా సిద్ధపడ్డాడు గానీ తన చేతి తమలపాకు ముట్టడానికి సిద్ధపడలేదు. బయ్యప్పకు సిగ్గేసింది.

అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. కానీ అంతకాలం చేసిన ఉద్యోగం చేతుల్లో ఉండిపోతుంది. కాగితం అందుకోని చోట ఇద్దరి ఎదుట తలుపుకు అంటించి రావడం పద్ధతి. మనసు ఇంకెక్కడో ఉండగానే ఆయన కాళ్లు వీధిలోకి నడిచాయి. పరిగెత్తలేక దొరికిపోయిన కుంటి ముసలాయన ఒకడు, నెత్తిన గడ్డిమోపు వల్ల ముందేముందో కనబడక దొరికిన ఇంకొకడు. ఇద్దరినీ పట్టుకొచ్చి నిలబెట్టి, తాంబూలం మూటను తలుపు గొళ్లేనికి కట్టి, "సూసినారు కదప్పా, మీరే సాక్షులు," అని గట్టిగా అనేశాడు.

బస్సులో సగం దూరం వచ్చాక గానీ తను చేసిన పని తెలిసిరాలేదు. తెలిశాక రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఇంట్లో పుట్టమ్మ ఎదురొచ్చింది. "మా అన్న బాగుండాడా మామా?"

"పండుకోనుండాడమ్మా," అన్నాడు బయ్యప్ప.

సోమవారం కైవారలో వంటలు అవుతున్నాయి. మంగలాయన కత్తి నూరుకుని కూర్చున్నాడు. పొద్దు పైకెక్కుతోంది. మంచి గడియ దాటిపోతుందని చౌడమ్మ సణుగుతోంది. పుట్టమ్మ మాత్రం బాట వైపు నుంచి కళ్లు తిప్పలేదు. ఆమెను చూసినకొద్దీ బయ్యప్పకు తన చేతులు తనకే అసహ్యమనిపించాయి. ఈ పిల్లకు పుట్టిల్లు లేకుండా చేసింది తనే.

అంతలో ఒక ఎద్దులబండి వచ్చి ఆగింది. అందులోంచి మునినారాయణ దిగాడు. ఒంటి మీద ఎవరిదో నల్లకోటు, చంకలో పొలం పత్రాల కట్ట. వెనకే కుంటి ముసలాయన, గడ్డిమోపు మనిషి. గొళ్లేనికి కట్టిన తాంబూలాన్ని ఊరి పెద్దలు దూరం నుంచి పరీక్షించి, సాక్షుల ఎదుట కట్టిపోయారు కాబట్టి వెళ్లకపోతే వారంటు ఖాయమని తేల్చారట. మునినారాయణ అందరికీ చేతులు జోడించి, కళ్లు మూసుకుని, బండిలో వల్లెవేసుకుంటూ వచ్చిందంతా ఒప్పజెప్పాడు.

"దేవుడి ఎదుట నిజమే చెప్తా. గట్టు రాయి యాడుండిందో నాకు తెలీదు. ఆ పొద్దు నేను ఊర్లోనే లేను. ఆ మాటకొస్తే నేను పోయిన వారమే సచ్చిపోయినా. ఈళ్లిద్దరూ సూసినారు."

"సూసినాం," అన్నారు ఇద్దరూ.

పుట్టమ్మ పరుగున వెళ్లి ఆ కోటు పట్టుకుంది. "సచ్చిపోయినోడివి ఇంత ఎండలో యాల వస్తివి అన్నా!" అని భోరుమంది. కళ్లు తెరిచి చెల్లెలిని చూసేసరికి మునినారాయణకు మిగతా వాంగ్మూలం మరిచిపోయింది.

అతన్ని లాక్కొచ్చి పీట మీద కూర్చోబెట్టారు. ఇక ఇంటి పెద్ద పిల్లవాణ్ణి ఎత్తి మేనమామ ఒడిలో పెట్టాలి. బయ్యప్ప పిల్లవాణ్ణి చంకల కింద పట్టుకుని ముందుకు రాగానే మునినారాయణ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. కుంటి ముసలాయన కూడా తన చేతులు దాచుకున్నాడు.

"కింద దింపప్పా, ఆయనే ఎత్తుకుంటాడు," అన్నాడు మంగలాయన.

"దింపను," అన్నాడు బయ్యప్ప. "వంకాయలు గోడ మింద పెట్టినా, దుడ్లు గూట్లో పెట్టినా. ఈణ్ణి యాడా పెట్టను. ఇది కాగితం కాదప్పా, నా మనవడు. నీ చేతికే ఇస్తా."

ఎవరూ కదల్లేదు. ఆయన చేతులు నొప్పి పుడుతున్నాయి. పిల్లవాడు కాళ్లు కొట్టుకుంటూ, వెనక్కి విరుచుకుంటూ జారసాగాడు. ముందు ఒక చంక జారింది, తర్వాత రెండోది. "అయ్యో, బిడ్డ!" అన్న కేక పుట్టమ్మదో చౌడమ్మదో తెలియదు గానీ, అప్పటికే మునినారాయణ వెనక దాచిన రెండు చేతులూ ముందుకు వచ్చి పిల్లవాణ్ణి అందుకున్నాయి. అందుకున్నాక కూడా వదల్లేదు. గుండెకు అదుముకున్నాడు. పత్రాల కట్ట ఎక్కడో పడిపోయింది.

మంగలాయన కత్తి పెట్టాడు. మెత్తని జుట్టు నల్లకోటు మీద రాలుతోంది. బయ్యప్ప ఖాళీ చేతులతో ఎదురుగా నిలబడి, చుట్టూ ఇంతమంది ఉన్నారన్న సిగ్గు లేకుండా ఏడ్చాడు. బతుకంతా ఊళ్లు తిరిగాడు. ఆయన ఇచ్చినదాన్ని ఒక మనిషి సంతోషంగా పుచ్చుకోవడం ఇదే మొదలు.

బోడిగుండును నిమురుతూ మునినారాయణ తలెత్తాడు. కోర్టు వాసన ఇంకా పూర్తిగా వదల్లేదు. "మళ్లా వాయిదా ఎప్పుడప్పా?" అని అడిగాడు.

బయ్యప్ప కండువాతో మొహం తుడుచుకున్నాడు. "గౌరమ్మ పండగకు. నీ చెల్లెల్ని పుట్టింటికి పిల్చుకొని పోను నువ్వే రావాల."

"వారంటు యాల, నేనే వస్తా," అన్నాడు మునినారాయణ.

పుట్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ ఏడుస్తూ, అన్నకు విస్తరి వేయడానికి పరుగెత్తింది.