మస్తాన్ గారు తిన్నదెంత

నిన్న తెనాలి రైల్వే గేటు దగ్గర ముందున్న లారీ పొగ ముఖాన కొట్టి కళ్లు మండాయి. ఆ మంటలో మస్తాన్ గారు గుర్తొచ్చారు. ఆయన గురించి ఒకప్పుడు నేనొక అబద్ధం చెప్పాను. దాన్ని సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

రెండువేల నాలుగు ప్రాంతంలో తెనాలిలో ఒక ప్రైవేటు బస్సుల స్టాండులో ఆయన టైంకీపరు. ఇరవై ఆరేళ్ల నేను ఆయన దగ్గర పని నేర్చుకునేవాణ్ణి. రేపల్లె, బాపట్ల బస్సులన్నీ మా రేకుల గది ముందే ఆగేవి. సగం బస్సులకు సెల్ఫ్ పనిచేసేది కాదు. ఒకసారి ఆపితే తోసి స్టార్టు చేయాలి కాబట్టి డ్రైవర్లు అరగంటైనా ఇంజను ఆపేవారు కాదు. పొగంతా మా గదిలోకీ, బెంచీ మీద పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్ల మీదికీ వచ్చేది. మస్తాన్ గారు ప్రతి బస్సు దగ్గరికీ వెళ్లి, “ఆపు తమ్ముడూ, బయల్దేరేటప్పుడు నేను తోస్తా” అనేవారు. తోసేవారు కూడా. యాభై దాటిన మనిషి పెద్ద పొట్టతో రొప్పుతూ తోస్తుంటే, సిగ్గుపడి నేనూ చెయ్యి వేసేవాణ్ణి. పని చేయడమంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

ఆ పొట్ట మా స్టాండుకు కాలక్షేపం. భట్టిప్రోలు డ్రైవరొకడు, “మస్తానన్నా, బండి కంటే నీకే డీజిల్ ఎక్కువ పడుతున్నట్టుందే” అన్నాడోసారి. “దానికి పోసిందంతా నా ముక్కులోకే వస్తంది గదరా” అన్నారాయన. అందరం నవ్వాం. నిజానికి ఆయన తిండి పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కాస్త పెరుగన్నం. రోజూ పక్కనే కూర్చుని చూసినవాణ్ణి నేను.

ఆయాసం ముదిరాక, రేపల్లె ఆఫీసులో టిక్కెట్ల పనికి మార్చమని ఆయన యజమానిని అడిగారు. యజమాని స్టాండుకొచ్చి, ఆయన ఎదుటే నన్నడిగాడు: “ఏంటయ్యా, ఈయన తిండెట్టా ఉంటది?” అడుగుతూ నవ్వాడు. ఆ నవ్వుకు తగ్గట్టు నేనన్నాను: “ఇద్దరి తిండండి.” తిండి తగ్గిస్తే ఆయాసం అదే పోతుందని చెప్పి యజమాని వెళ్లిపోయాడు. మస్తాన్ గారు నా వైపు చూడలేదు. ఇంకో మూడేళ్లు ఆ పొగలోనే ఉన్నారు. నాకు పని నేర్పడం మాత్రం ఒక్కరోజూ మానలేదు. చివరికి ఉద్యోగం వదిలి బాపట్ల వెళ్లిపోతూ, తన చోట నన్నే పెట్టమని యజమానికి చెప్పి వెళ్లారు.

ఈమధ్య నాకూ పొట్ట పెరిగింది. ఎంత తగ్గించి తిన్నా కరగడం లేదని డాక్టరుతో అన్నాను. ఎక్కడ పనిచేశారని ఆయన అడిగాడు. ఏళ్ల తరబడి బండ్ల పొగ పీల్చడం కూడా ఒంట్లో కొవ్వుకు ఒక కారణం కావచ్చంటున్నారని, ఇంకా పూర్తిగా తేలలేదని చెప్పాడు. అది తేలడానికి ఎన్నేళ్లు పట్టినా, మస్తాన్ గారి తిండి సంగతి నాకు ఆనాడే తెలుసు. ఆ వారమే బాపట్ల వెళ్లాను.

మస్తాన్ గారు మంచం మీద కూర్చుని అంతా విన్నారు. “పెద్దాయన అడిగేసరికి బెదిరావులే అబ్బాయ్” అన్నారు. ఇప్పుడేం చేయమంటారని అడిగాను. “నీ మాట అప్పట్లోనే మా ఇంటిదాకా వచ్చింది. నేను బయట తినొచ్చి దాస్తన్నానని మా ఆవిడకి ఇప్పటికీ అనుమానం. నాకేం చెప్తావు, పోయి ఆమెకి చెప్పు.”

వంటగది గుమ్మంలో నిలబడి చెప్పాను. ఆవిడ స్టవ్ కట్టేసి, “నేనూ నమ్మాను బాబూ” అంది. వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

ఒక మనిషి ఒంటిని చూసి నలుగురు నవ్వుతున్నచోట నేనిప్పుడు నవ్వలేను. ఎవరూ అడక్కపోయినా నేను చూసింది చెబుతాను. ఆ కాస్త ధైర్యం, ఆలస్యంగానైనా, ఆయన నేర్పిందే.