మిల్లింగ్ మెషీన్‌కు కంప్యూటర్ వెదికిన రోజులు

ఊరిగాంలో, మూతపడ్డ బంగారు గని కంపెనీ పాత క్వార్టర్స్‌లో నేనూ మావారూ ఉంటాం. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను, ఆయన బెంగుళూరు ఆఫీసుకు రైల్లో వెళ్లివస్తారు. పిల్లలకు చూపించే గేర్లు, కప్పీలు నా చేతుల్తోనే చేయాలన్న పిచ్చితో, తమక అనే ఊళ్లో మూతపడ్డ వర్క్‌షాపు నుంచి చిన్న మిల్లింగ్ మెషీన్ తెచ్చుకున్నాను. తిరిగే కట్టర్‌తో లోహాన్ని చెక్కే యంత్రం అది. చేతిచక్రాలు తీసేసి మోటార్లు బిగించాను. వాటిని నడపడానికి కంప్యూటర్ కావాలి. ఇంట్లో ఉన్నవాటిలో కొత్తది, వేగమైనది నా లాప్‌టాప్. ఇంకేమీ ఆలోచించకుండా దాన్నే తగిలించాను.

ఒక ఆదివారం ఉదయం అల్యూమినియం పలకలో గాడి కోస్తున్నాం. ఆయన పక్కన నిలబడి బ్రష్‌తో రజను తుడుస్తున్నారు. కట్టర్ పైకి లేచి పక్కకు జరగాలి. లేపే మోటారు గర్రుమని ఆగిపోయింది. కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. కట్టర్ లేచిందనే అనుకుని పూర్తి వేగంతో పక్కకు తోసింది. ఎదురుగా పలకను పట్టి ఉంచిన ఇనుప బిగింపు. తెరమీది ఆపే బటన్ నొక్కాను. తెర కదల్లేదు. మళ్లీ నొక్కాను. కట్టర్ విరిగి, ముక్క ఆయన చెవి పక్కనుంచి పోయి గోడ సున్నంలో దిగింది. ఆయనే వంగి గోడ దగ్గర స్విచ్ ఆపారు.

"నీకేమైనా తగిలిందా?" అన్నారు.

లేదని తల ఊపాను. ఆ వారమంతా క్లాసులో చాక్‌పీస్ విరిగినా గుండె ఝల్లుమనేది.

చప్పుడు విని పక్కింటి పెద్దాయన వచ్చారు. గని నడిచిన కాలంలో మనుషుల్ని కిందికి దించే ఇంజన్ దగ్గర ఎలక్ట్రీషియన్‌గా పనిచేసినవారు. గోడను చూశారు, లాప్‌టాప్‌ను చూశారు.

"ఇది ఎంత సేపట్లో పలుకుతాదమ్మా?"

"సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదండీ."

"అది మామూలుగా. శానా ఆలస్యమైనప్పుడు ఎంత సేపు? అది చూసినావా?"

చూడలేదు. కంప్యూటర్ పంపే సంకేతం ఒక్కసారి ఆలస్యంగా అందినా మోటారు అలాగే గర్రుమని ఆగిపోతుంది.

"ఇంగ, ఆపే స్విచ్చి యాడుండాది?"

"తెరమీద."

"నిలిచిపోయినదాన్నే ఆపమని అడిగితే ఎట్లమ్మా? మోటార్లకొచ్చే కరెంటు మీద పెట్టుకో. కంప్యూటరును అడిగేది వద్దు."

శనివారం మధ్యాహ్నం, కంప్యూటర్ జవాబు ఎంత ఆలస్యమవుతుందో కొలిచే ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తమకలో పాత కంప్యూటర్లు అమ్మే షాపుకు వెళ్లాను.

"ఇది కొత్త మోడల్ మేడం, శానా స్పీడు," అన్నాడు షాపతను.

ప్రోగ్రాం నడిపిస్తూనే వీడియోలు పెట్టాను, పెద్ద ఫైళ్లు కాపీ చేశాను, తెరమీది విండోలు అటూ ఇటూ లాగాను. తెరమీద కనిపించే అంకె అప్పటిదాకా జరిగిన అతి పెద్ద ఆలస్యం. అది పెరగడమే తప్ప తగ్గదు. అరగంట అంకె చిన్నగానే ఉంది. ఇదే తీసుకుంటానని చెప్పబోతుండగా ఒక్కసారిగా ఇరవై రెట్లయింది. ఐదు నిమిషాల ముందే లేచి ఉంటే దాన్నే ఇంటికి తెచ్చుకునేదాన్ని.

ఇంకో రెండు కూడా అంతే చేశాయి. చివరికి మూల నుంచి ఒక ఆఫీసు డెస్క్‌టాప్ బయటికి లాగించాను. వెనక వెడల్పాటి పాత ప్రింటర్ పోర్టు ఉంది, మోటార్ల బోర్డు నేరుగా దానికే తగులుతుంది.

"దీన్ని ఎవరూ అడగరు మేడం. పాతసామాను గుజిరీకి వేసేద్దామని పెట్టినాను."

రెండు గంటలు నడిపాను. అంకె కదల్లేదు. నమ్మబుద్ధి కాక షాపు మూసేదాకా అక్కడే కూర్చున్నాను.

పెద్దాయన ఎర్ర బటన్ బిగించి, మోటార్ల కరెంటు దాని గుండా వచ్చేలా వైర్లు లాగారు. మొదట కట్టర్ లేకుండా నడిపాను, తర్వాత చెక్క మీద. అల్యూమినియం పెట్టిన రోజు మావారిని వరండాలోనే ఉండమన్నాను. గాడి సగం దాకా శుభ్రంగా కోసింది. కట్టర్ పైకి లేచే క్షణం వచ్చింది. నా చెయ్యి ఎర్ర బటన్‌ను కొట్టేసింది. అన్నీ ఆగిపోయాయి.

"ఏమైంది?" అన్నారు ఆయన బయటినుంచి.

"ఏమీ కాలేదు," అన్నాను. నిజంగానే ఏమీ కాలేదు. కట్టర్ సరిగ్గానే లేస్తోంది. భయపడింది నేను.

మధ్యలో కరెంటు పోయి మోటార్లు లెక్క తప్పడంతో ఆ పలక పాడైంది. మరుసటి ఆదివారం ఇంకొకటి బిగించాను. అది పూర్తయ్యేదాకా, గంటంపావు, బటన్ మీదనుంచి చెయ్యి తీయలేదు.